జవాబు పత్రంలో డిజిటల్ సార్వభౌమత్వం, బల్ల మీద దొంగ విండోస్

జీఎస్ 3 జవాబుల్లో ఈ మధ్య మనందరి కలం నుంచి తరచుగా జారే మాట 'డిజిటల్ సార్వభౌమత్వం'. విదేశీ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడటం తగ్గాలని రాస్తాం. రక్షణ శాఖ 2023లో ఉబుంటు ఆధారంగా తెచ్చిన మాయా ఓఎస్‌ను ఉదాహరణగా వేస్తాం. ముగింపులో ఆత్మనిర్భర భారత్ అంటాం. ఇంత రాసిన అభ్యర్థి బల్ల మీద ఏముంది? ఈఎంఐలో కొన్న 50 వేల పైచిలుకు కొత్త ల్యాప్‌టాప్. అది కాకపోతే, దుకాణంవాడు లైసెన్స్ లేకుండా విండోస్ ఎక్కించి ఇచ్చిన పాత ల్యాప్‌టాప్.

నా వాదన సూటిగా చెబుతాను. సివిల్స్‌కో గ్రూప్స్‌కో చదివే మధ్యతరగతి అభ్యర్థికి సరైన యంత్రం, కంపెనీల్లో వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్. దాని మీద ఉండవలసింది లినక్స్. అది చౌక, చట్టబద్ధం, మన పనికి సరిపోతుంది. దీన్ని 'కంప్యూటర్ పిచ్చోళ్ల సరదా' అని కొట్టిపారేయడం ఇకనైనా మానాలి.

నేను యానాంవాణ్ణి. ఇంజనీరింగ్ అయ్యాక పుదుచ్చేరిలో గది తీసుకుని చదువుతున్నాను. ఇక్కడ ల్యాప్‌టాప్ కొనాలనుకునే ప్రతి తెలుగు కుర్రాడూ నన్ను అడిగే ప్రశ్నలకు ఒకేసారి జవాబు రాసేద్దామని ఈ వ్యాసం.

మన పని ఎంత, మనం కొనేది ఎంత?

ముందు పని లెక్క వేసుకుందాం. పీఐబీ, పీఆర్‌ఎస్ పేజీలు చదవడం, ఎన్‌సీఈఆర్‌టీ పీడీఎఫ్‌లు తెరవడం, క్లాసుల వీడియోలు చూడటం, నోట్స్ టైప్ చేసుకోవడం, దరఖాస్తులు నింపడం. మెయిన్స్ రాసేది ఎలాగూ చేత్తోనే. ఈ పనుల్లో ఒక్కదానికీ కొత్త తరం ప్రాసెసర్ అక్కర్లేదు, గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు అసలే అక్కర్లేదు.

అయినా నెహ్రూ వీధిలోనో కామరాజ్ సాలైలోనో షాపు మెట్లెక్కగానే మనకు చూపించేవి రెండే రకాలు. ఒకటి 50, 60 వేల యంత్రం. రెండోది 'స్టూడెంట్ మోడల్' పేరుతో 4 జీబీ ర్యామ్‌ను మదర్‌బోర్డుకే అతికించి, ఈఎంఎంసీ స్టోరేజీ పెట్టిన చవకబారు యంత్రం. మొదటిది అప్పు చేసి పప్పుకూడు. రెండోది ఏడాది తిరక్కుండానే బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే చతికిలబడుతుంది, ర్యామ్ పెంచుకునే దారి కూడా ఉండదు.

'పాండీలో కొంటే చవక' అనే మాట ఇంకా వినిపిస్తుంది. అది వ్యాట్ కాలం నాటి పేరు. 2017 జూలై 1 నుంచి జీఎస్‌టీ వచ్చింది. ల్యాప్‌టాప్ మీద 18 శాతం పన్ను చెన్నైలో ఎంతో, కాకినాడలో ఎంతో, ఇక్కడా అంతే. పెట్రోలు, మద్యం జీఎస్‌టీ వసూలు బయట ఉన్నాయి కాబట్టి వాటి ధర రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ల్యాప్‌టాప్‌కు ఆ తేడా లేదు. ప్రిలిమ్స్‌కు చదివిన సంగతిని కొనుగోలులో కూడా వాడుకోవాలి కదా.

జీఎస్ 4 చదివేవాడు జవాబివ్వాల్సిన ప్రశ్న

"పాత యంత్రం మీద విండోస్ ఉచితంగా వేసిస్తారు కదన్నా, లినక్స్ ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. ఆ 'ఉచితం' పేరు పైరసీ.

1957 కాపీరైట్ చట్టానికి 1994లో సవరణ చేసి 63బి అనే సెక్షన్ చేర్చారు. కాపీరైట్ ఉల్లంఘించిన ప్రతి అని తెలిసీ ఒక కంప్యూటర్ ప్రోగ్రామును వాడితే కనీసం 7 రోజుల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. వ్యాపార లాభం కోసం వాడలేదని తేలితే, కోర్టు తగిన కారణాలు రాసి, జైలు లేకుండా 50 వేలకు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు. రేపు మన గది తలుపు ఎవరో తడతారని భయపెట్టడానికి దీన్ని రాయడం లేదు. ఎవరూ తట్టరు. 'ఎవరూ చూడనప్పుడు కూడా సరైన పని చేయడమే నిజాయితీ' అని ఎథిక్స్ పేపర్లో నిర్వచనం రాసేది మనమే కాబట్టి రాస్తున్నాను.

భద్రత సంగతి వేరే ఉంది. లైసెన్స్ తాళం పగలగొట్టే చిన్న ప్రోగ్రాములు, పని చేయాలంటే ముందు యాంటీవైరస్‌ను ఆపమంటాయి. ఆధార్, మార్కుల జాబితాలు, బ్యాంకు లావాదేవీలు అన్నీ ఉన్న యంత్రంలో కాపలావాణ్ణి పంపించేసి, ముక్కూమొహం తెలియనివాడికి తాళం చెవులిచ్చినట్టు అది. వాడిన యంత్రంతో పాటు అసలు లైసెన్స్ వస్తే పైరసీ మాట రాదు, ఒప్పుకుంటాను. కానీ షాపులో "ఇది యాక్టివేట్ అయిందా, ఎలా అయింది?" అని అడిగేవాళ్లు ఎంతమంది?

2025 అక్టోబర్ 14 మనకిచ్చిన అవకాశం

ఆ రోజుతో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం లేదా ఆ పై ప్రాసెసర్ ఉండాలి. అంటే 2018కి ముందు తయారైన యంత్రాల్లో ఎక్కువ భాగం, ఏ జబ్బూ లేకపోయినా, కాగితాల మీద 'ముసలివి' అయిపోయాయి. కంపెనీలు వాటిని వదిలించుకుంటాయి. అవే రిఫర్బిష్డ్ అంగళ్లకు వస్తాయి.

ప్రపంచం 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలను పుట్టించిందనీ, అందులో 22.3 శాతమే పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైందనీ ఐక్యరాజ్యసమితి సంస్థల గ్లోబల్ ఈ-వేస్ట్ మానిటర్ 2024 చెబుతోంది. మన ఈ-వ్యర్థాల నియమాలు, 2022 ఉత్పత్తిదారు బాధ్యత గురించి మాట్లాడతాయి. బాగుంది. కానీ ఒక ల్యాప్‌టాప్‌ను ఇంకో అయిదేళ్లు వాడటం కన్నా మంచి రీసైక్లింగ్ లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ 'చచ్చింది' అన్న యంత్రాన్ని బతికించేది లినక్స్. పర్యావరణం మీద 250 పదాలు రాసేవాళ్లం, మన చేతిలో ఉన్న ఈ ఒక్క పని ఎందుకు చేయం?

ఏం చూసి కొనాలి?

పేరున్న బిజినెస్ శ్రేణులు మూడు: లెనోవో థింక్‌ప్యాడ్, డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్. ఆఫీసుల కోసం చేసినవి కాబట్టి గట్టిగా ఉంటాయి, విడిభాగాలు దొరుకుతాయి, లినక్స్ వీటి మీద చక్కగా నడుస్తుంది. షాపును బట్టి, యంత్రం స్థితిని బట్టి 20 వేలకు కాస్త అటూ ఇటూ చూసుకోవచ్చు. బేరం మీ నేర్పు. గుర్తుంచుకోవలసినవి ఇవి:

1. ప్రాసెసర్: ఇంటెల్ 6వ తరం ఐ5 కనీసం. 8వ తరం దొరికితే ఇంకా మంచిది, ఎందుకంటే అక్కడి నుంచి మామూలు ఐ5లో కూడా నాలుగు కోర్లు వచ్చాయి.

2. ర్యామ్: 8 జీబీ. పెంచుకోవడానికి స్లాట్ ఉండాలి. సన్నటి మోడళ్లలో ర్యామ్ అతికించి ఉంటుంది, అడిగి తెలుసుకోండి.

3. స్టోరేజీ: 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. తిరిగే హార్డ్‌డిస్క్ ఉన్నది ఎంత చవకైనా, ఎస్‌ఎస్‌డీ ఖర్చు కలిపి లెక్క వేసుకోండి.

4. వైఫై: ఇంటెల్ కార్డు ఉంటే నిశ్చింత, డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లోనే ఉంటుంది. బ్రాడ్‌కామ్ కార్డులు, కొన్ని రియల్‌టెక్ కార్డులు కొత్తవాళ్లను ఏడిపిస్తాయి.

5. గ్రాఫిక్స్: ప్రాసెసర్‌లో ఉన్నది చాలు. విడిగా ఎన్‌విడియా కార్డు ఉంటే బ్యాటరీ ఖర్చు, డ్రైవర్ తలనొప్పి అదనం.

6. తెర: 14 అంగుళాలు, ఫుల్ హెచ్‌డీ. రోజుకు ఎనిమిది గంటలు పీడీఎఫ్ చదివే కళ్లు మనవి. డబ్బు మిగిలితే ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే.

పుదుచ్చేరిలో కొనేవాళ్లకు ఒక ప్రత్యేక జాగ్రత్త. ఇది సముద్రపు గాలి ఊరు. ఛార్జింగ్ రంధ్రం, యూఎస్‌బీ రంధ్రాలు, అడుగున ఉండే మరలు తుప్పు పట్టాయేమో టార్చి వేసి చూడండి. ఇక్కడ నచ్చింది దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్ ఉంది, హైదరాబాద్ వైపు వెళ్లేవాళ్లకు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది.

షాపులోనే పరీక్ష పెట్టండి

లినక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడవచ్చు. వెళ్లేటప్పుడు లినక్స్ మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకోండి. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి వైఫై, కెమెరా, మైకు, స్పీకర్లు, ప్రతి కీ పరీక్షించండి. మూత మూసి, రెండు నిమిషాలాగి తెరవండి, నిద్రలోంచి సరిగ్గా లేస్తోందా? అందులోని 'డిస్క్స్' ప్రోగ్రాములో ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం, ఎన్ని గంటలు నడిచిందో కనిపిస్తాయి. పవర్ సమాచారంలో బ్యాటరీ అసలు సామర్థ్యంలో ఎంత మిగిలిందో చూడండి. బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతుందేమో చూడండి. అడిగితే ఆ యంత్రం వద్దు, పాత కంపెనీ తాళం ఇంకా దాని మీదే ఉందని అర్థం. 'పెన్‌డ్రైవ్ పెట్టనివ్వం' అనే షాపులో కొనకండి. మామిడిపండు వాసన చూడనివ్వని బండి దగ్గర పండు కొంటామా?

ఇక ఏ లినక్స్? లినక్స్ మింట్ లేదా ఉబుంటు ఎల్‌టీఎస్. ఉబుంటు 24.04కు 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అంటే మీ ప్రయత్నాలన్నీ అయిపోయేదాకా. 4 జీబీ పాత యంత్రమే ఇంట్లో ఉంటే మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేయండి. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వాటితోనే వస్తాయి. ఫ్లాష్‌కార్డుల అంకి కూడా ఓపెన్ సోర్సే.

తెలుగు సాహిత్యం ఆప్షనల్ వాళ్లకు ఒక మాట. ఐబస్ ద్వారా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లినక్స్‌లో హాయిగా పనిచేస్తుంది. మన తెలుగు ప్రచురణ రంగం చాలా కాలం అను ఫాంట్ల మీద నడిచింది. అవి యూనికోడ్ కావు. అందుకే అలా తయారైన పీడీఎఫ్‌లో 'రాజ్యాంగం' అని వెతికితే ఒక్క ఫలితం రాదు, కాపీ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఒక ప్రైవేటు పద్ధతికి మన అక్షరాలను అప్పగిస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే ఉదాహరణ అక్కర్లేదు. నోట్స్ యూనికోడ్‌లో టైప్ చేసుకోండి, పదేళ్ల తర్వాత కూడా తెరుచుకుంటాయి.

ప్రభుత్వాలు చేసిన పని, చేయని పని

ఇది వ్యక్తుల ఎంపికతో ఆగే విషయం కాదు. లక్షల యంత్రాలు కొనేది ప్రభుత్వమే.

పుదుచ్చేరి చిత్రమైన కేంద్రపాలిత ప్రాంతం. యానాం ఆంధ్రలో ఉంది, మాహే కేరళలో ఉంది. మాహే సరిహద్దు దాటితే కేరళ బడులు. అక్కడ 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం క్రమంగా పూర్తిగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు మారింది. నేటి పేరు కైట్. 2019లో 2 లక్షలకు పైగా బడి కంప్యూటర్లకు ఉబుంటు ఆధారిత వ్యవస్థను సిద్ధం చేశారు. పదో తరగతి పిల్లలు ఐటీ పరీక్ష దాని మీదే రాస్తారు. పన్నెండేళ్ల పిల్లలు వాడగలిగింది ఇరవై అయిదేళ్ల ఇంజనీరుకు కష్టమంటే నేను నమ్మను.

పుదుచ్చేరి చుట్టూ ఉన్న తమిళనాడు 2011 సెప్టెంబర్ 15న ఉచిత ల్యాప్‌టాప్ పథకం ప్రారంభించింది. వాటిలో విండోస్‌తో పాటు సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా పెట్టారు. యంత్రం తెరవగానే రెండూ కనిపించేవి. కానీ నేర్పే టీచరు లేకపోతే రెండోది మెనూలో ఒక వరసగానే మిగిలిపోతుంది. 2025-26 బడ్జెట్‌లో అదే రాష్ట్రం 20 లక్షల కాలేజీ విద్యార్థులకు ల్యాప్‌టాప్ లేదా ట్యాబ్లెట్ ఇస్తామని ప్రకటించింది. పుదుచ్చేరిలోనూ బడి పిల్లలకు ఉచిత ల్యాప్‌టాప్ పథకం ఉంది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న 'ఎన్ని ఇచ్చారు?' ఒక్కటే కాదు. 'దాన్ని విప్పి బాగు చేసుకోవచ్చా, దాని మీద ఏముంది, ఎవరు నేర్పుతారు?' అని కూడా.

చౌక ఒక్కటే చాలదని చెప్పడానికి ఆకాశ్ ట్యాబ్లెట్ ఉంది. 2011 అక్టోబర్ 5న విడుదలైంది, హైదరాబాద్‌లో బిగించారు, లినక్స్ కెర్నెల్ మీద నడిచే ఆండ్రాయిడ్ వేశారు. కానీ 256 ఎంబీ ర్యామ్, గట్టిగా నొక్కితే గానీ పలకని తెర. పిల్లలకు విసుగు పుట్టించింది ఓపెన్ సోర్స్ కాదు, నాసి హార్డ్‌వేర్. అందుకే నేను కొత్త నాసిరకం వద్దు, పాత మేలిరకం కావాలంటున్నాను.

విధానం లేక కాదు. కేంద్రం 2015లోనే ప్రభుత్వ శాఖల కోసం ఓపెన్ సోర్స్ వినియోగ విధానం ప్రకటించింది. ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలి, టెండరులో దాన్ని పక్కన పెడితే కారణం చెప్పాలి. పదేళ్లు దాటినా ఎన్ని ఆఫీసు బల్లల మీద అది కనిపిస్తోంది? 2025 జూలైలో యూరప్ ఆంక్షల తర్వాత గుజరాత్‌లోని నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ సేవలు నిలిచిపోయాయి. డబ్బు కట్టి తీసుకున్న సేవల కోసం ఒక చమురు కంపెనీ ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాల్సి వచ్చింది. తర్వాత సేవలు తిరిగి వచ్చాయి, కానీ తాళం చెవి ఎవరి చేతిలో ఉందో దేశమంతా చూసింది.

పుదుచ్చేరి పోలీసుల ఎర్ర కెపీ టోపీ ఫ్రెంచివాళ్ల జ్ఞాపకం. అదే ఫ్రాన్స్‌లో పోలీసు దళం జాందార్మరీ 2005లో ఓపెన్ ఆఫీస్‌తో మొదలుపెట్టి, 2008 నుంచి తన కంప్యూటర్లను ఉబుంటుకు మార్చుకుంటూ వచ్చింది. పదుల వేల యంత్రాలు. ముందు ఆఫీసు ప్రోగ్రాములు, తర్వాత బ్రౌజర్, చివరకు ఆపరేటింగ్ సిస్టమ్. టోపీ తెచ్చుకున్నవాళ్లం, ఆ ఓపిక కూడా తెచ్చుకోవచ్చు.

అభ్యంతరాలు

'మ్యూనిక్ నగరం లినక్స్‌కు మారి మళ్లీ వెనక్కి పోయింది కదా?' అవును, 2004లో మొదలుపెట్టి 2017లో విండోస్‌కు తిరిగి వెళ్లాలని నిర్ణయించింది. జవాబులో ఇది కూడా రాయండి. ఒక నగరం మొత్తం ఉద్యోగుల ప్రత్యేక ప్రోగ్రాములను మార్చడం వేరు, ఒక విద్యార్థి పీడీఎఫ్ చదవడం వేరు.

'ఏపీపీఎస్సీ గ్రూప్ 2లో కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ ఉంది కదా?' ఉంది. వర్డ్, ఎక్సెల్ చేసే పనిలో చాలా భాగం లిబ్రేఆఫీస్‌లో నేర్చుకోవచ్చు. ఆ దశకు చేరాక ఒక వారం నెట్ సెంటర్లో అసలు ప్రోగ్రాము మీద చేయి తిప్పుకోండి. ఆ వారం కోసం అయిదేళ్లకు లైసెన్స్ కొనక్కర్లేదు, దొంగిలించనూ అక్కర్లేదు.

'కోచింగ్ యాప్ విండోస్‌లోనే తెరుచుకుంటుంది.' కొన్ని అంతే. బ్రౌజర్‌లో రాకపోతే ఫోన్‌లో చూడండి. మీ చదువంతా అలాంటి ఒక్క యాప్ మీదే ఉంటే లినక్స్ మీకు కాదు, ఇది నిజాయితీగా చెప్పాల్సిన మాట.

'చదువు మానేసి దీంతో కుస్తీ పట్టాలా?' అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇదే. దీనికి నా నియమం కఠినం. ఒక ఆదివారం ఇన్‌స్టాల్ చేయండి, సోమవారం నుంచి ముట్టుకోకండి. వారానికో లినక్స్ మార్చడం, డెస్క్‌టాప్ రంగులు దిద్దడం కూడా రీల్స్ చూడటం లాంటి వ్యసనమే. ఎక్కడైనా చిక్కుకుంటే మనుషులున్నారు. పుదుచ్చేరిలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్ ఉంది, పక్కనే విల్లుపురంలో లినక్స్ యూజర్ గ్రూపు ఉంది, హైదరాబాద్‌లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసిన స్వేచ్ఛ ఉంది. డబ్బు అడగరు, ఓపికగా చెబుతారు.

రేపు మనలో కొందరు ఒక జిల్లాకో శాఖకో టెండరు పత్రం మీద సంతకం పెడతారు. ఆ రోజు ముందుకొచ్చే ఫైల్లో 'విండోస్ తప్పనిసరి' అనే వాక్యం ఉంటే, 2015 విధానం ప్రకారం కారణం అడగగలిగేది లినక్స్ వాడి చూసినవాడే. మిగతావాళ్లు, పాపం, 'అందరూ అదే వాడతారు కదా' అని సంతకం పెట్టేస్తారు.

సాధన ప్రశ్న: "ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్ పథకాల విజయాన్ని పంచిన యంత్రాల సంఖ్యతో కాక, వాటిని విప్పి బాగు చేసుకునే హక్కుతో, వాటిపై నడిచే సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛతో కొలవాలి." ఆకాశ్, కేరళ కైట్ అనుభవాల ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)